గడ్డి ముదరకముందే

ఆ వార్తను మొదట నాకు తెచ్చినవాడు ఖాజా. మా పాల డెయిరీ వ్యాను నడిపేవాడు. దుమ్ముగూడెం దాటి అడవి అంచు గూడేల దాకా వెళ్లి పాల క్యాన్లు ఎత్తుకొని, ఎండ ఎక్కకముందే భద్రాచలం చేరేవాడు. ఆ రోజు క్యాన్లు దించకుండానే నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"ఆపా, చివరి గూడెంల ఏందో అయితున్నది. గడ్డి చూస్తే మనిషి మీద మనిషి నిలవడ్డంత ఎత్తున్నది. ఆవులను చూస్తే బొక్కలు తేలినయ్."

"మేస్తలేవా?"

"మేయకేం! కడుపులు డోళ్ల లెక్క ఉన్నయ్. పాలే వస్తలేవు. కన్నమ్మక్క ఇయ్యాల పాలు క్యాన్ల తెచ్చిందా, క్యాన్ మూతల తెచ్చిందా అని నేనే నవ్విన. నవ్వినంక ఆమె మొఖం చూసి నోరు మూసుకున్న."

కడుపు నిండుగా ఉన్న ఆవు ఎందుకు చిక్కిపోతుంది? నా ఉద్యోగమంతా చివరికి ఆ ఒక్క ప్రశ్నే. గడ్డి పెంచమని చెప్పడం, పిలకలు, ముక్కలు పంచడం, పెరిగిందా లేదా చూడడం నా పని. ఊళ్లలో నన్ను 'గడ్డి మేడం' అనేవారు. ముసలివాళ్లు 'బీబమ్మా' అనేవారు. రెండో పేరే నాకు ఇష్టం.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న ఆడపిల్లలు ఫోన్ చేసి అడుగుతుంటారు, ఏం చదవాలి మేడం అని. పుస్తకాలు మీ దగ్గర నాకంటే ఎక్కువే ఉన్నాయి. నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ ఆఫీసుకు మార్చారు అన్నది మీకెందుకు? ఆ గూడెంలో గడిచిన రెండు వానాకాలాల గురించి చెబుతాను. నా పని ఏమిటో నాకు అక్కడే అర్థమైంది.

మా ఇంటి బడి

మాది టేకులపల్లి దగ్గర. మా నాన్న నాల్‌బంద్, అంటే ఎద్దుల గిట్టలకు నాడాలు కొట్టే మనిషి. బండ్లు తిరిగినన్నాళ్లూ రోడ్డు పక్క మా పందిరి ముందు ఎద్దులు వరుస కట్టేవి. చిన్నప్పుడు నా కాలికి జబ్బు చేసి చాలాకాలం నడవలేకపోయాను. బడి దూరం. అందుకని ఇల్లే బడి అయింది. నానమ్మ ఖురాన్ చదవడం నేర్పింది. మేకులు చుట్టి వచ్చిన పాత పేపర్ల మీద నాన్న తెలుగు నేర్పాడు. సగం చిరిగిన వార్తలు చదివి, మిగతా సగం ఏమై ఉంటుందో నేనే ఊహించుకునేదాన్ని. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. నాన్న ఆ రోజు పందిరి కింద ఉన్న వాళ్లందరికీ చాయ్ పోయించాడు.

ఎద్దును పడుకోబెట్టి కాళ్లు కట్టే ముందు నాన్న దాని పేడ చూసేవాడు. మేకు కొట్టే మనిషికి పేడతో ఏం పని అని అడిగాను ఒకసారి.

"నీరసంగా ఉన్న ఎద్దును పడేస్తే మళ్లీ లేస్తదో లేదో బేటీ. ఏం తినిపిస్తున్నవ్ అని అడిగితే ఏ రైతైనా మంచిదే తినిపిస్తున్న అంటడు. పాపం, మంచిదనుకునే పెడ్తడు గూడ. అది ఒంటికి పట్టిందా లేదా అన్నది ఇగో, ఇక్కడ చూడాలె."

పేడ వేళ్లతో విప్పి, లోపల పుల్లలు ఎంత పొడవున్నాయో చూపించేవాడు. ఆ పాఠానికి నేను ఇప్పటికీ రోజూ దేవుడికి షుక్ర్ చెప్పుకుంటాను.

చాయ్ జాలి

ఖాజా వ్యానులోనే మరుసటి రోజు గూడెం వెళ్లాను. అంతకు ముందు జ్యేష్ఠంలో నేపియర్ గడ్డి ముక్కలు అక్కడ పంచింది నేనే. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి దుబ్బు నుంచి మళ్లీ మళ్లీ వచ్చే గడ్డి అది. గూడెం వాళ్లు కొండవాగు పక్కన చెలకలో శ్రద్ధగా నాటారు. ఇప్పుడు చూస్తే వెదురు పొదలాగా ఉంది. కింద ఆకు ఎండి రాలిపోయి, కాడలు నా బొటనవేలికన్నా లావుగా, పసుపు తిరిగి ఉన్నాయి. గాలి వస్తే గడ్డిలా సవ్వడి చేయలేదు, కర్రలు తగిలినట్టు టకటకమంది.

కన్నమ్మ నన్ను చూడగానే కొట్టంలోకి తీసుకుపోయింది. నలభై దాటని మనిషి. భర్త పోయాక ఆ ఒక్క ఆవు మీదే ఇల్లు నడుపుతోంది. ఆవు పేరు గౌరి. చూడితో ఉంది, ఇంకా కాసిని పాలూ ఇస్తోంది. ముందున్న మేత గాడి నిండా నేపియర్ కాడలు. గౌరి ఒకదాన్ని పట్టుకొని నములుతూనే ఉంది. ఆకంతా ఒలుచుకు తిని, కాడలు తొక్కి వదిలేసింది. ఆకలికి ఆగలేక మళ్లీ ఆ కాడలే నోట్లోకి తీసుకుంటోంది.

"పొద్దుగాల సంది నములుతనే ఉంటది అక్కా. రాత్రి నెమరేస్తనే ఉంటది. అయినా చూడు, తుంటి బొక్కలకు కండువా తగిలియ్యచ్చు."

పేడ గట్టిగా, బిళ్లలు పేర్చినట్టు పడి ఉంది. కొంచెం తీసుకొని కన్నమ్మ ఇంట్లోని చాయ్ వడగట్టే జాలిలో వేసి, చెంబుతో నీళ్లు పోస్తూ కడిగాను. మెత్తనిదంతా జారిపోయింది. జాలిలో మిగిలింది పుల్లలే. పొడవాటి, గట్టి పుల్లలు. లోపలికి ఎట్లా వెళ్లాయో దాదాపు అట్లాగే బయటికి వచ్చాయి. పక్కన అడవిలో మేసి వచ్చే ఒక నాటు ఆవు పేడ కూడా అట్లాగే కడిగాను. అందులో మిగిలింది తక్కువ, అదీ పొట్టి పీచు.

కన్నమ్మ రెండు గుప్పిళ్లనూ చూసింది. "అంటే నా గౌరి కర్రలు మోస్తున్నది. ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు," అంది.

ఇరవై మాటల్లో నేను చెప్పాల్సింది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది. ఆ తర్వాత అన్నది: "నా చాయ్ జాలి మాత్రం నువ్వు కొనియ్యాలె."

గోడ కట్టుకున్న గడ్డి

మా పశువుల డాక్టర్ గారు ఈ పనిలో నాకు మొదటి బాస్. పెద్ద గొంతు. ఓపిక తక్కువ. జాలి సంగతి చెబితే, "ఏందమ్మా, పేడ కడిగినవా? ఇగ మన ఆఫీసుల చాయ్ నేను ముట్ట," అని చేతులెత్తేశాడు. కానీ ఆయన కోపం ఎంత తొందరగా వచ్చేదో పాఠం చెప్పాలన్న ఉబలాటం కూడా అంత తొందరగానే వచ్చేది. బల్ల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి చెప్పాడు. నేను ఆ తర్వాత వందల మందికి చెప్పింది ఆయన చెప్పిందే.

ఆవు తనంతట తాను గడ్డిని అరిగించుకోలేదు. దాని మొదటి పొట్టలో కంటికి కనిపించని సూక్ష్మజీవులుంటాయి. అవి గడ్డిని కుళ్లబెట్టి, పులియబెట్టి ఆవుకు శక్తిగా మార్చి ఇస్తాయి. లేత గడ్డి కణాల గోడ పలుచన, అవి సులువుగా లోపలికి దూరతాయి. గడ్డి ఎత్తు పెరిగేకొద్దీ నిలబడడానికి దానికి బలం కావాలి. అందుకని గోడలు మందంగా కట్టుకుంటుంది. ఆ గోడల్లో లిగ్నిన్ అనే గట్టి పదార్థం నింపుకుంటుంది. మన ఇంటి గోడకు సిమెంటు పూసినట్టే. కంకి వేసే వేళకు ఆకు తగ్గి కాడ పెరుగుతుంది, మాంసకృత్తులు పడిపోతాయి, సూక్ష్మజీవులు గోడ బయటే ఆగిపోతాయి. ఆ మేత పొట్టలో ఎక్కువసేపు కూర్చుంటుంది. పొట్ట ఖాళీ కాదు కనుక ఆవు ఇంకా తినలేకపోతుంది. నిండిన పొట్టతో పస్తు అన్నమాట.

ఒక మాట గుర్తుంచుకోండి. ముదిరిన కాడను చాఫ్ కట్టర్‌లో వేసి సన్నగా నరికితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నరికితే ఆవు పారేసేది తగ్గుతుంది, నిజమే. కానీ కట్టర్ పెద్ద కర్రను చిన్న కర్రలు చేస్తుంది, కర్రను గడ్డి చేయదు.

అట్లాగని మరీ లేతగా, మోకాలెత్తులోనే కోసేస్తే మేతంతా నీళ్లు. ఆవు పారుకుంటుంది. దుబ్బు వేళ్లలో దాచుకున్న బలమంతా మళ్లీ చిగుర్లకే ఖర్చయిపోయి, కొన్ని కోతల్లో దుబ్బే చచ్చిపోతుంది. నేపియర్ అయితే నడుము దాటి గుండె దాకా రాకముందు, కాడ కన్నా ఆకు ఎక్కువగా కనిపించేటప్పుడు కోయాలి. మంచి వానలుంటే రెండు కోతల మధ్య నెలన్నర అటూ ఇటూ. కొడవలి పెట్టినప్పుడు 'సర్'మంటే మంచి వేళ. 'టక్'మంటే ఆలస్యమైంది. నేల నుంచి జానెడు మోడు వదిలి కోయాలి.

ఇదంతా గూడెంలో చెప్పడానికి వెళ్తే అక్కడ నాకు సుద్దముక్క అవసరం పడలేదు. గూడెం పెద్ద సోమయ్య తాత బుట్ట అల్లుతూ విన్నాడు. విని, "వెదురు కొమ్ములు వానల్ల కూరొండుకుంటం. అవే ముదిరితే నిచ్చెనకు పనికొస్తయ్. నిచ్చెనను ఎవరన్న వండుకుంటరా? గంతే గదా బిడ్డా నువ్వు చెప్పేది," అన్నాడు.

"గంతే తాతా."

"మరి మా ఆవులకు నిచ్చెనలు వండి పెట్టినం." ఆయన నవ్వలేదు.

పెరుగుతున్నప్పుడు ఎందుకు కోయలేదు?

ఆ మొదటి ఏడు ఆ గడ్డిని వాళ్లు సమయానికి ఎందుకు కోయలేదో నాకు అప్పుడే తెలిసింది. బద్ధకం కాదు, అజ్ఞానం కాదు. ఆ గూడెంలో ఒక కట్టడి ఉంది. చెలకలో పండిన కొత్త పంట ఏదైనా సరే, కొత్తల పండగ చేసి దేవతకు పెట్టేదాకా కొడవలి పెట్టరు, నోట పెట్టరు. అడవిలో దానంతట అది పెరిగిన గడ్డికి ఆ కట్టడి లేదు. కానీ నేపియర్‌ను వాళ్లు దుక్కి దున్ని, సాలు తీసి, చేత్తో నాటారు. చేత్తో నాటింది పంటే కదా! పంటకు ఇచ్చే మర్యాద దానికీ ఇచ్చారు. పండగ అయ్యేదాకా కంచె కట్టి కాపాడి, ఆ తర్వాతే అందరూ సంబరంగా కోయడం మొదలుపెట్టారు. అప్పటికి అది నిచ్చెనలైపోయింది.

గడ్డి పంచినప్పుడు ఎట్లా నాటాలో చెప్పాం, ఎంత నీరు పెట్టాలో చెప్పాం. మీరు ఎప్పుడు కోస్తారు అని మా సంస్థలో ఎవరూ అడగలేదు. కొత్త ఊరికి వెళ్లే పిల్లలు ఈ ప్రశ్న ముందు అడగండి.

ముదిరిందంతా జానెడు మోడు వదిలి కోయించాం. "ఇంత గడ్డి దడికి కట్టమంటవా?" అని కన్నమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. పైనున్న లేత కొసలు మాత్రం ఆవులకు వేసి, కాడలు దడులకు కట్టారు. వాగు తడికి మళ్లీ చిగుర్లు వచ్చాయి. పాలు పెరిగాయి. కానీ గౌరికి ఆ చిగుర్లు అందేసరికి ఆలస్యమైంది. అది ఈనింది, దూడ మేకపిల్లంత ఉంది. నిలబడలేదు. పొదుగులో ముర్రుపాలు నాలుగు చుక్కలు రాలేదు. కన్నమ్మ పక్కింటి ఆవు పాలు తెచ్చి వేలితో నాకించింది. సాయంత్రానికి అది ఆమె ఒళ్లోనే పోయింది.

నేను ఆ మధ్యాహ్నం అక్కడే ఉన్నాను. నమాజు వేళ అయితే కన్నమ్మ దూడను ఒళ్లో పెట్టుకొనే, "మూలకు ఉతికిన సంచి ఉన్నది అక్కా, పర్చుకో," అంది. అంత దుఃఖంలోనూ నా నమాజు గుర్తుపెట్టుకుంది. ఇట్లాంటి మనుషుల మధ్య పని చేయనిచ్చినందుకు ఆ సంచి మీద నుదురు ఆనించి కృతజ్ఞత చెప్పుకున్నాను. ఇంకొక్క కోరిక కూడా కోరుకున్నాను: గౌరికి మళ్లీ కడుపు పండాలి, ఆ దూడ బతకాలి.

రెండో వానాకాలం

గౌరి మళ్లీ చూడి కట్టింది. ఎండల్లో మోడుగా మారిన నేపియర్ దుబ్బులు తొలకరికి చిగురించాయి. కొత్త చిగురు, కొత్త పంట. అంటే మళ్లీ కట్టడి. ఆ ఏడు వానలు ఆలస్యమై చేలు వెనకబడ్డాయి, పండగ కూడా వెనక్కి జరుగుతుందన్నారు. నేను లెక్క వేసుకుంటే గౌరి ఈనేది పండగకు ముందే. కడుపులో దూడ ఎదిగేది చివరి రెండు నెలల్లో. అడవి గడ్డి కూడా అప్పటికే పూత పట్టి ముదురుతోంది. కంచె అవతల మాత్రం నేపియర్ నడుమెత్తున, నిగనిగలాడుతూ, సరిగ్గా కోయాల్సిన వేళకు వచ్చి నిలబడి ఉంది.

గూడెంలో ఇప్పుడు ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. కన్నమ్మే నాతో అంది: "తెల్వక కాదక్కా. గింత లేతగున్నప్పుడు ఒక్క మోపు కోస్తే నా గౌరి పాణం లేచొస్తది. గానీ నేనొక్కదాన్ని కట్టడి తెంపితే, రేపు వాన పడకున్నా నన్నే అంటరు, ఎవనికన్న జరమొచ్చినా నన్నే అంటరు. అన్నా అనకున్నా, నా మనసే నన్ను అంటది."

డాక్టర్ గారికి చెబితే బల్ల గుద్దాడు. "మూఢనమ్మకమని చెప్పు! కొడవలి నువ్వే పట్టుకొని కోసెయ్యి, ఏం కాదని చూపెట్టు!"

"నేను కోయలేను సార్."

"ఏం, భయమా?"

"భయం కాదు సార్. నేను కూడా ఆకలి వేసినప్పుడు అన్నం ముందు పెట్టుకొని అజాన్ కోసం ఆగే మనిషిని. ఆగడమంటే ఏందో నాకు తెలుసు. ఆళ్లను ఆగొద్దని ఏ నోటితోని చెప్పాలె?"

ఆయన విసుగ్గానే, "అయితే ఆగుడు తెలిసిన నువ్వే ఏదన్న తోవ చూడు," అన్నాడు. ఆయన గురించి నా తీర్పు అడిగితే ఇదే చెబుతాను. గడ్డి విషయంలో ఎప్పుడూ ఆయనదే నిజం. మనుషుల విషయంలో తొందర. కానీ తన తొందర పని చేయదని తెలిస్తే పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు. అందరు బాసులూ అట్లా ఇవ్వరు.

మాఫీ

నాకేమీ తోవ తెలియదు. ఊరికే వెళ్లాను. సోమయ్య తాత తన ఇంటి ముందు వెదురు బద్దలు చీలుస్తున్నాడు. పక్కన కన్నమ్మ పల్లీ బుడ్డలు ఒలుస్తోంది. నన్ను చూసి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"వద్దు కన్నమ్మా. ఒక్కపొద్దున్న."

తాత తలెత్తాడు. "ఇప్పుడేం ఒక్కపొద్దు? మీ పండగ ఎన్నడో అయిపాయె గదా. ఖాజా తెచ్చిన సేమ్యా నేను తిన్న గూడ."

"అప్పుడు నాకు జరమొచ్చింది తాతా. కొన్ని ఒక్కపొద్దులు పోయినయ్. ఇప్పుడు తీర్చుకుంటున్న."

"తీర్చుకోకుంటే ఎవడడుగుతడు?"

"ఎవ్వరడగరు. నాకు తెలుస్తది గదా."

ఆయనకు ఆ మాట నచ్చినట్టుంది. కత్తి తిప్పుతూనే, "అంటే జరమొస్తే మాఫీ ఉన్నదన్నట్టు," అన్నాడు.

"ఉన్నది. జరమొచ్చినోళ్లకు, దూరం పోయేటోళ్లకు, పాలిచ్చే తల్లులకు, కడుపుతోటి ఉన్నోళ్లకు."

కత్తి ఆగింది.

"కడుపుతోటి ఉన్నోళ్లకా?"

"అవ్ తాతా."

ఆయన కన్నమ్మ కొట్టం వైపు చూశాడు. గౌరి తల బయటపెట్టి నిలబడి ఉంది. ఆ క్షణాన నా నోట మాట రాకుండా ఆపినందుకు దేవుడికి ఎన్నిసార్లు కృతజ్ఞత చెప్పుకున్నానో లెక్క లేదు. అక్కడ నేను ఒక్క మాట మాట్లాడి ఉంటే అది నా మాట అయ్యేది.

"మా అమ్మ గూడ అనేది," అన్నాడు తాత నెమ్మదిగా. "కడుపుతోటి ఉన్నదానికి నోరూరితే పెట్టాలె, దేవత ఏమనదు, ఆమె గూడ ఆడదే అని. మరి గౌరి గూడ కడుపుతోటే ఉన్నది గదా."

కన్నమ్మ బుడ్డలు పక్కకు నెట్టి దగ్గరికి జరిగింది.

"గానీ బిడ్డా, నువ్వు మల్ల తీర్చుకుంటున్నవ్. ఆవు ఎట్ల తీర్చుకుంటది?"

"తీర్చుకోలేనోళ్లు మాలో ఒక ఆకలైన మనిషికి బువ్వ పెడ్తరు తాతా," అన్నాను.

"ఆవెవరికి పెడ్తది?"

"ఊరందరికీ పాలు పోస్తది గదా," అంది కన్నమ్మ ఆశగా.

"అది దాని రోజు పని. కట్టడి వేరే, పని వేరే." ఆయన బద్దను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "సరే. అది నేను చూసుకుంట. ఎంత కొయ్యాల్నో నువ్వు చెప్పు."

ఆ సాయంత్రం గూడెం కూర్చుంది. "ఇయ్యాల గడ్డికి మాఫీ అంటవు, రేపు చిక్కుడుకాయకు అంటరు, ఎల్లుండి వడ్లకు అంటరు," అని ఒకాయన లేచాడు. "నీకు కడుపొస్తే నీకు గూడ మాఫీ ఇస్తం తియ్, కూసో," అన్నాడు తాత. ఆడవాళ్ల నవ్వుకు ఆ మనిషి కూడా నవ్వి కూర్చున్నాడు. చూడి ఆవుకు ఎంత అవసరమో అంతే, దాని కోసమే, కన్నమ్మ చేత్తోనే కోయాలని తీర్మానమైంది. మిగతా మడి పండగ దాకా అట్లాగే ఉండాలి.

మరునాడు కన్నమ్మ కొడవలికి దండం పెట్టి మొదటి దుబ్బు కోసింది. 'సర్'మంది. ఆ చప్పుడు విని ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నాం.

గౌరి కోసం ఒప్పుకున్న భాగాన్ని ముక్కలుగా గుర్తుపెట్టి, ఒక ముక్క కోశాక దాని పక్కది, చివరిది అయ్యేసరికి మొదటిది మళ్లీ అదనుకొచ్చేట్టు వరుస చెప్పాను. మధ్యలో ఒకసారి వారం పాటు ముసురు పట్టి, నేను వెళ్లలేకపోయాను. "పెండ మెత్తగైంది ఆపా, కన్నమ్మక్క చెప్పుమన్నది," అని ఖాజా కబురు తెచ్చేవాడు. పాల క్యాన్లతో పాటు పేడ కబుర్లు మోసిన డ్రైవర్ ఇంకెవరూ ఉండరు.

పండగకు ఇంకా కొన్ని రోజులుందనగా గౌరి ఈనింది. డాక్టర్ గారు మోటారు సైకిలు మీద నా వెనకే వచ్చాడు. దూడ బయటపడింది, కదల్లేదు. కన్నమ్మ ఒక్క అడుగు ముందుకు వేయలేదు. కిందటి ఏడు ఆమె ఒళ్లో జరిగిందంతా ఆమె కళ్లలో కనిపించింది. డాక్టర్ గారు మోకాళ్ల మీద కూర్చొని ముక్కులో జిగురు తీసి, గడ్డితో ఒళ్లు రుద్దాడు. గౌరి వంగి నాకింది. దూడ చెవి ఆడింది. ముందు కాళ్లు మడిచింది, పడింది, మళ్లీ లేచింది. తడబడుతూ పోయి పొదుగును వెతుక్కుంది. మూతి పక్కల నుంచి ముర్రుపాలు పసుపుగా కారాయి.

"పెయ్యదూడ," అన్నాడు డాక్టర్ గారు. అంత పెద్ద గొంతు మనిషి, అది గుసగుసలాగా అన్నాడు.

కన్నమ్మ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

కొత్తల పండగ

పండగకు నన్ను పిలిచారు. దేవతకు కొత్త గింజలు, కొత్త చిక్కుళ్లు, ఒక పిడికెడు కొత్త గడ్డి కూడా పెట్టారు. తర్వాత ఆకుల్లో అన్నం వడ్డించారు. సోమయ్య తాత బాగా చిక్కిపోయి కనిపించాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.

"తాతకు పాణం మంచిగ లేదా?" అని కన్నమ్మను అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "నీకు తెల్వదా అక్కా? నేను గడ్డికి కొడవలి పెట్టిన్నాటి సంది తాత పగలు ముద్ద ముట్టలేదు. పొద్దుగూకినంక ఒక్కపూట. గౌరి ఒక్కపొద్దు తాత తీర్చిండు."

ఆ రోజుల్లో ఎన్నిసార్లు ఆయన ఇంటి ముందు కూర్చున్నానో! నా ఒక్కపొద్దులు అయిపోయాక, ఆయన ఇప్పించిన చాయ్ ఆయన ఎదురుగానే తాగాను. "మీరు తాగరా?" అంటే "నాదయింది బిడ్డా" అనేవాడు. తాగడం అయిందనుకున్నాను.

దగ్గరికి వెళ్లి, "నాకెందుకు చెప్పలేదు తాతా?" అన్నాను.

"చెప్తే నువ్వు చాయ్ తాగకపోదువు," అన్నాడు ఆయన ఆకులోని మెతుకులు ఏరుకుంటూ.

ఆ ఏటి నుంచి ఆ గూడెంలో అదే పద్ధతి. చూడి ఆవులకు లేత గడ్డి కోస్తారు, గూడెంలో ఎవరో ఒకరు ఆ ఆవు బదులు ఒక్కపొద్దుంటారు. సోమయ్య తాత పోయి కొన్నేళ్లయింది. గౌరి పెయ్యదూడ ఇప్పుడు నాలుగు ఈతల తల్లి. నేను రిటైరై ఇంట్లో ఉంటున్నాను. రంజాన్‌లో దాహం బాగా వేసిన మధ్యాహ్నాలు నాకు ఆయన చీల్చిన వెదురు బద్దల చప్పుడు వినిపిస్తుంది. నా దువాలో మా నాన్న పేరు తర్వాత ఆయన పేరు చెప్పుకుంటాను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, లిగ్నిన్ గురించి మీకు పుస్తకాలు చెబుతాయి. నా పేరు మీరు గుర్తుపెట్టుకోనవసరం లేదు. ఎక్కడైనా గడ్డి ముదరకముందే కొడవలి పెట్టించగలిగి, అది 'సర్'మని తెగిన రోజున, ఒక ఆవు నోటి ముందుకు పచ్చని మోపు చేరాలని తన నోటి ముందు ముద్దను పక్కకు జరిపిన సోమయ్య తాతను ఒక్కసారి తలుచుకోండి.